మా బావగారి మోకాలికి యూరియా

షుగరు వచ్చిందని తెలిసినప్పుడు మా బావగారు బెంగపడలేదు. మండపేటలో వరి పండిస్తూ షుగరు లేకుండా ఉన్నవాడు తన ధాన్యం తనే తినడం లేదన్నమాట అని ఆయన సిద్ధాంతం. ఆయన్ని ఏడిపించింది మోకాలు. ఒక్కగానొక్క కూతురి పెళ్లి కుదిరింది. కన్యాదానానికి పీట మీద మఠం వేసుకుని కూర్చోవాలి. ఈయన మోకాలేమో వానకి ఉబ్బిన తలుపులా సగందాకా వచ్చి ఆగిపోయేది. కుర్చీ వేయిస్తామంటే వినలేదు.

“అల్లుడి కాళ్లు కుర్చీలో కూర్చుని కడిగితే సినిమాకి వచ్చినట్టుంటుందిరా” అన్నారు.

పెళ్లికూతురు, అంటే నా మేనకోడలు, భీమవరంలో ఫార్మసీ చదువుతోంది. సెలవలకి వచ్చి, ఏడో తరగతిలోనే బడితో రాజీ కుదుర్చుకుని బయటపడ్డ నాక్కూడా అర్థమయ్యేలా ఓ సంగతి చెప్పింది. ఊడ్పులయ్యాక మిగిలిన నారు కట్టలు గట్టు వారన దాచుకుంటాం కదా, మొక్క చచ్చిన చోట నాటడానికి. పెద్దవాళ్ల ఒంట్లో కూడా అలా మూలకణాలని కొన్ని ఉంటాయట. వాళ్ల నాన్న వేసుకునే షుగరు మాత్రని వాటి మీద ప్రయోగశాలల్లో పరీక్షిస్తున్నారట. కొంచెం వేస్తే కొన్నిసార్లు అవి ఎముక కట్టే వైపు మళ్లుతున్నాయట, ఎక్కువ వేస్తే పెరగడమే మానేస్తున్నాయట. అదంతా గాజు పళ్లెంలో సంగతి, మనిషి ఒంట్లో ఏమవుతుందో ఇంకా తేలలేదని కూడా చెప్పింది.

బావగారు “ఎముక” దగ్గరే వినడం ఆపేశారు.

మా వైపు రైతుకి ఓ జబ్బుంది. పక్కవాడి చేను మనదానికంటే ఒక్క పిసరు పచ్చగా కనిపిస్తే చాలు, అరబస్తా యూరియా ఎక్కువ పడుతుంది. వ్యవసాయాధికారి మోతాదు చెబుతున్నంతసేపూ “అలాగేనండి” అంటాం. ఆయన మోటారుసైకిలు మలుపు తిరగ్గానే ఇంకో గంపెడు చల్లుతాం. బావగారు తన మోకాలికీ అదే సేద్యం మొదలుపెట్టారు. డాక్టరు పూటకో మాత్ర రాస్తే, ఎవరికీ చెప్పకుండా పూటకి రెండు వేశారు.

రోజూ పొద్దున్నే నేను భుజాలు పట్టి పీట మీద కూర్చోబెట్టే సాధన నడుస్తోంది. ఓ పొద్దున్న, సగం వంగాడో లేదో, నా చెయ్యి విదిలించుకుని చివాలున లేచి పెరట్లోకి పరుగు తీశాడు మహానుభావుడు. గుమ్మం దాటాలంటే గోడ పట్టుకునే మనిషి! తిరిగొచ్చేసరికి ముఖం వెలిగిపోతోంది.

“చూశావా, నారు నాటుకుంది.”

కాఫీ చల్లారేలోగా మళ్లీ పరుగు. తర్వాత మళ్లీ. మోకాలు బాగైపోయిందని మా అక్క పక్కింటావిడకి చెప్పేసి కొబ్బరికాయ కూడా తెప్పించింది. సాయంత్రానికి బావగారు గాలివానకి ఒరిగిన చేనులా మంచానికి అడ్డంగా పడి ఉన్నారు. పరిగెత్తించింది మోకాలు కాదు, కడుపని అప్పటికి తెలిసింది.

మేనకోడలు మాత్రల అట్టలో ఖాళీలు లెక్కపెట్టింది. ఉండాల్సినదానికి రెట్టింపున్నాయి. వెంటనే ఆటోలో డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాం. సెలైన్ ఎక్కించి, రక్తం పరీక్షించి, గండం లేదన్నారు. అదే అలవాటైతే ప్రాణానికే ముప్పని గట్టిగా కేకలేశారు. బావగారు అలవాటుగా “అలాగేనండి” అన్నారు. ఆ మాట ఎంత గట్టిదో ఇంట్లో అందరికీ తెలుసు. అందుకే డాక్టరు ఇంకో రోగి దగ్గరికి వెళ్లాక పిల్ల మంచం పక్కన కూర్చుంది.

“యూరియా ఎక్కువైతే చేను ఏమవుద్ది నాన్నగారూ?”

“పడిపోద్ది.”

“మీరు పడిపోతే పీట మీద ఎవరు కూర్చుంటారండి?”

కళ్లు తుడుచుకుంటూ అడిగింది. ఆ పూట నుంచి మాత్ర ఆమె చేతిమీదుగానే, రాసినంతే.

మోకాలు మాత్రం మొలవలేదు. వడ్రంగి చేత పీటకి జానెడు కాళ్లు పెట్టించి, పసుపు రాసి, ఎత్తుపీట మా బావగారి వంశాచారమని నేనే ప్రచారం చేశాను. తర్వాత మా వీధిలో మోకాలు నొప్పి ఉన్న తండ్రులందరిదీ ఒకటే వంశమైపోయింది.

పెళ్లినాడు ఆయన దాని మీద దొరలా కూర్చున్నారు. మేనమామని కాబట్టి పిల్లని బుట్టలో కూర్చోబెట్టి మోసుకొచ్చే వంతు నాది. ఆయన ముందు బుట్ట దించుతుంటే నా మోకాలు మేళంలోంచి కూడా వినబడేలా టక్కుమంది.

బావగారు ముందుకి వంగి, “ఏరా, నీకో మాత్ర ఇప్పించనా?” అన్నారు.

బుట్టలోంచి పెళ్లికూతురు తల ఎత్తకుండానే అంది. “మావయ్యకి షుగర్ లేదు నాన్నగారూ. మీరు కదలకుండా కూర్చోండి.”

కూర్చున్నారు, చివరి అక్షింత పడేదాకా.