చంద్రిక వెనక దారి

మొన్న మదనపల్లెలో మా మనవరాలు ఒక కథ చదివి వినిపించింది. అందులో ఒక పిల్ల వంతెన కింద రాళ్ల సందులో దూరి, ఎవరికీ తెలియని లోకంలోకి పోతుంది. అట్లాంటి దారులు నిజంగా ఉంటాయా అని అది నన్నడిగింది. చదువు రానిదాన్ని, నాకేం తెలుసు అనబోయాను గానీ, నాకూ ఒక దారి తెలుసు. నేను చెబుతుంటే అదే రాస్తోంది.

మా అమ్మ పోయేనాటికి నాకు ఏడేళ్లు. పుంగనూరు దగ్గర నన్ను పెంచిన అవ్వ, అంటే అమ్మను కన్నతల్లి, పట్టుపురుగులు మేపేది. అవి గూళ్లు కట్టుకోవడానికి వెదురు తడికె మీద బద్దను సుడిగా తిప్పి అల్లిన చంద్రికలు గోడకు ఆనించి ఉండేవి. మీలో పురుగులు మేపిన వాళ్లకు చెప్పనక్కర్లేదు. పురుగులు ఆకు తింటుంటే ఇల్లంతా వాన కురిసినట్టుండేది, పొర విడిచే ముందు అవి తలలెత్తి నిద్రపోతే ఆ వాన ఒక్కసారిగా ఆగిపోయేది. నేను ఏడుపు మాననని అవ్వ ఒక కథ కట్టింది: వాన ఆగినప్పుడు సుడి వెంబడి వేలు నడిపిస్తూ నడిమికి చేరితే, చంద్రిక వెనక పట్టుదేశానికి తలుపు తెరుచుకుంటుందట, అమ్మ అక్కడే ఉందట.

వాన ఆగిన ఒక మధ్యాహ్నం వేలు నడిపించాను. తలుపు తెరుచుకోలేదు. శుక్రవారం తలంటుకుని అమ్మ జుట్టుకు సాంబ్రాణి పట్టించుకునేది కదా, ఆ వాసనకైనా వస్తుందని నిప్పుల మీద గుప్పెడు వేసి పొగ పెట్టాను. పురుగులకు ఏ వాసనా పడదని, తలలో పువ్వు పెట్టుకుని కూడా వాటి గదిలోకి పోకూడదన్న సంగతే మరిచిపోయాను.

పొగకు పురుగులు మళ్లీ లేవలేదు. పంటంతా గుంటలో పోయాల్సి వచ్చింది. మేనమామ చెయ్యెత్తి, “పురుగులింట్లో పొగేస్తారా మే? బుద్ధుండాదా నీకు?” అని అరిచాడు. అవ్వ అడ్డమొచ్చి నన్ను పక్కకు లాక్కుపోయింది. తిడుతుందనుకున్నాను. చెవి దగ్గర మెల్లగా అడిగింది: “మీయమ్మ వచ్చిందా మే? సూస్తివా?”

పంట పోగొట్టినదాన్ని, లేదని ఎట్లా చెప్పను? వచ్చింది, నవ్వింది అన్నాను.

“ఏ సీర కట్టుకోనుండాది?”

పచ్చ చీర అన్నాను. అవ్వ కొంగు నోటికడ్డం పెట్టుకుంది.

ఆ తరువాత ప్రతి పంటకూ, పురుగులు నిద్రపోయిన రోజు, తాను కట్టిన కథే అయినా, అవ్వ ఒక్కతే చంద్రిక ముందు కూర్చుని సుడిలో వేలు నడిపిస్తూ ఉండేది. నేను గడపలో నిలబడి చూసేదాన్ని. నిజం చెప్పకుండానే అవ్వను కాటికి సాగనంపాను.

మా ఆయన పోయిన ఏడాది, ఎందుకో చెప్పకుండా, పాత చంద్రిక కోసం బి.కొత్తకోట దాకా తిరిగాను. అన్నిచోట్లా ప్లాస్టిక్‌వే చూపించారు. వాటికి గళ్లున్నాయి గానీ సుడి లేదు. వేలు పెడితే ఎక్కడికీ పోదు.