ఉల్టా గంట్ల విసుర్రాయి

పరీక్షలు మొదలయ్యాయంటే మా చిన్న మ్యూజియానికి బడిపిల్లల బస్సులు ఆగిపోతాయి. కరీంనగర్ ఎండలో మళ్లీ బడులు తెరిచేదాకా మా దగ్గరికి వచ్చేవి పావురాలే. "ఖాళీగా కూర్చోబెట్టి జీతమిస్తారు, అదృష్టవంతురాలివి" అనే చుట్టాలు నాకు చాలామంది ఉన్నారు. ఏడాదంతా పిల్లల చేతులు తగిలిన ప్రతి వస్తువునూ కడిగి, తుడిచి, మళ్లీ దాని చోట పెట్టేది అప్పుడేనని వాళ్లకు చెప్పీ చెప్పీ నోరు నొచ్చింది. ఆ పనికి మనుషులం ఇద్దరమే, నేనూ, గేటు దగ్గరుండే చాచా.

మొన్నటి వేసవిలో మూడు విసుర్రాళ్లు విప్పాం. ఒకటి లక్సెట్టిపేటది, ఒకటి బోథ్‌ది, ఒకటి చొప్పదండిది. ఏ పైరాయి ఏ కింది రాయిదో కలిసిపోకుండా నేనే సుద్దముక్కతో అంకెలు వేశాను. వేసి, నా తెలివికి నేనే మురిసిపోయి, చాయ్ తాగడానికి వెళ్లాను. వచ్చేసరికి చాచా ఆరు రాళ్లనూ శుభ్రంగా కడిగి ఎండలో ఆరబెట్టాడు. అంకెలు నీళ్లతోపాటు మోరీలో పోయాయి.

"సుద్దతోని ఎవరన్న రాస్తరా మేడం," అన్నాడు.

చూసి కడగొద్దా అని నేను అంతెత్తున ఎగిరాను. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టుంది నా సంగతి. చివరికి రంగూ సైజూ చూసి, కుదిరిందనిపించిన పైరాయిని కుదిరిందనిపించిన కింది రాయి మీద ఎక్కించి, ఊళ్ల పేర్ల చీటీలు పెట్టేశాను. రాళ్లు నోరు విప్పి చెప్పవు కదా అని ధీమా.

నాలుగో రోజు చొప్పదండి నుంచి ఒక అవ్వ వచ్చింది. ఆ ఊరి రాయిని మాకిచ్చింది ఆమే. వెంట పెళ్లి కుదిరిన మనవరాలు. సందర్శకుల పుస్తకం ముందుకు జరిపితే, ఆ పిల్ల పెన్ను ఎడమ చేత్తో అందుకుని, చటుక్కున కుడిచేతికి మార్చుకుని సంతకం పెట్టింది. కోడి గీకినట్టుంది. "ఏ కాలేజీలో చదివావమ్మా" అని వెటకారంగా అడిగాను. ఆమె తల దించుకుంది.

"బిడ్డా, నా ఇసుర్రాయి రెండొద్దులకు ఇయ్యి. ఎల్లుండి పసుపు దంచుడున్నది," అంది అవ్వ.

ఒకసారి రిజిస్టరులోకెక్కిన వస్తువు గేటు దాటదన్నాను. రూలు నిజమే. కానీ అంత గట్టిగా చెప్పింది మాత్రం చీటీల సంగతి బయటపడుతుందేమోనన్న భయంతో.

"మీ ఊళ్లో ఇంకో రాయి దొరకదా అవ్వా?"

"దొరుకుతది, పనికిరాదు. గీ పిల్లది ఎడమ చెయ్యి. పసుపుకాడ ఎడమ చెయ్యి పెడితే నలుగురేమంటరని, అన్ని కుడిచేత్తోనే చెయ్యుమని వాళ్ల పెద్దమ్మ నెల సంది పరేషాన్ చేస్తున్నది. నాది గూడ ఎడమ చెయ్యే. మా అత్త తిట్టేది. మా ఆయన ఆమెకు తెల్వకుంట నా రాయికి ఉల్టా గంట్లు కొట్టిచ్చిండు. ఎడమ చేత్తోని ఉల్టా తిప్పితెనే పిండి రాలుతది. గప్పటిసంది మా అత్త ఆ రాయి జోలికి రాలే."

నేను చప్పున రాళ్లకు అడ్డంగా నిలబడబోయాను. అవ్వ ఈలోగా చొప్పదండి చీటీ ఉన్న రాయి ముందు చతికిలబడి, ఎడమ చేత్తో ఒక్క చుట్టు తిప్పి ఆపేసింది.

"గిది నాది కాదు."

"మీ ఊరి పేరు రాసి ఉంది కదా అవ్వా."

"రాసింది నువ్వు. ఇసిరింది నేను."

కడిగింది చాచా అని చెప్పబోయాను. మాట నాలుక చివరి దాకా వచ్చింది. చాచా తలుపు దగ్గర నిలబడి నావైపే చూస్తున్నాడు. సిగ్గేసింది. రాళ్లు కలిపేసింది నేనేనని చెప్పేశాను.

"ఫికర్ జెయ్యకు. జర గింజలు తెప్పియ్యి," అంది అవ్వ.

చాచా పావురాల కోసం దాచిన జొన్నలు తెచ్చాడు. 'వస్తువులను ముట్టరాదు' అని నేనే రాసిన బోర్డు పక్కన, నేనూ చాచా పైరాళ్లు ఎత్తుతూ, మారుస్తూ చెమటలు కక్కాం. లోపలి గంట్లు అరిగి, ఏవి ఉల్టావో కంటికి తెలియలేదు. ఒక జతలో గింజలు గింజల్లాగే బయటికొచ్చాయి. ఇంకో జత కదలనే లేదు. ఏడోసారికి చప్పుడు మారింది. రాయి చుట్టూ సమంగా పిండి రాలింది. అవ్వ ఆ పిండిని వేళ్ల మధ్య నలిపి చూసి నవ్వింది. నాకు ప్రాణం లేచి వచ్చింది.

కానీ రూలు రూలే. అప్పుడు చాచా అన్నాడు: "రాయి గేటు దాటి పోవద్దు, సరే. పెండ్లోళ్లు గేటు దాటి లోపలికి రావద్దని ఏడ రాసున్నది మేడం?"

బోర్డులన్నీ రాసింది నేనే కాబట్టి నాకు తెలుసు, ఎక్కడా లేదు.

చెప్పిన రోజు పొద్దున్నే రెండు ఆటోల నిండా ఆడవాళ్లు దిగారు. పసుపు కొమ్ములు తెచ్చారు, రోలూ రోకలీ తెచ్చారు. పాట పాడుతూ దంచి, ఆ ముక్కలు విసుర్రాయి దగ్గరికి తెచ్చారు.

"మంచి పని, కుడి చెయ్యి పెట్టు బిడ్డా," అంది పెద్దమ్మ.

పిల్ల కుడి చెయ్యి పెట్టింది. రాయి సగం తిరిగి పట్టేసింది. పెద్దమ్మ ఆమెను జరిపి తనే కూర్చుని, బలమంతా పెట్టి లాగింది. పసుపు ముక్కలు వేసినవి వేసినట్టే బయటపడ్డాయి.

"దానికి కుడి చెయ్యి అలవాటు లేదు బిడ్డా," అంది అవ్వ, లోపమంతా రాయిదే అన్నట్టు.

పిల్ల ఎడమ చెయ్యి వేసింది. రాయి గరగరా తిరిగి, చుట్టూ పచ్చగా రాలింది. పెద్దమ్మ మరో గుప్పెడు పసుపు తన చేత్తోనే రాయిలో పోసింది.

వెళ్లేటప్పుడు పుస్తకం ముందుకు జరిపాను. పిల్ల పెన్ను ఎడమ చేత్తో తీసుకుంది. ఈసారి చెయ్యి మార్చలేదు. గుండ్రటి అక్షరాలు, ముత్యాల్లా ఉన్నాయి. పైన రెండు రోజుల కిందటి కోడిగీతల సంతకం అలాగే ఉంది.

"తప్పయిందమ్మా," అన్నాను.

పెద్దమ్మ ఆ రెండు సంతకాల మీదికి వంగి చాలాసేపు చూసింది.

"గింత మంచిగ రాస్తవని నాకు తెల్వదు బిడ్డా," అంది.