నాకు పోయని నీళ్ళు

బెంగళూరులో మా అవ్వ ఓబుళమ్మను అవ్వా అని పిలిచేది నేనొక్కదాన్నే. ఆ అపార్ట్‌మెంటంతా అజ్జీ అంటుంది. గేటు దగ్గర వాచ్‌మన్ కుర్చీలో ఉన్న మా తాత అంజనప్ప నన్ను చూసి లేచేలోపే స్కూటర్ మీద ఒకావిడ ఆగింది. "అజ్జీని ముందు మా ఇంటికి పంపండి, పాప ఏడుస్తోంది" అని కన్నడంలో చెప్పి తుర్రుమంది. ఇంత పొట్టేసుకుని వచ్చిన మనవరాలికి ఇంకా మంచినీళ్ళు కూడా అందలేదు. అప్పుడే నాకు మండింది.

నాకు ఏడో నెల. మా ఆయన మురళికి ఎర్రమంచి కార్ల ఫ్యాక్టరీలో ఉద్యోగం, పెనుకొండలో కాపురం. తొలికాన్పు పుట్టింటివాళ్ళది అంటారు. నా పుట్టింట్లో ఎవరున్నారు? ధర్మవరంలో మగ్గం ముందు మా నాయన ఒక్కడు. అమ్మ నా చిన్నప్పుడే పోయింది. నన్ను పెంచిన మేనత్త తన కూతురి కాన్పుకని నల్లచెరువు పోయి కూర్చుంది. ఇక మిగిలింది అమ్మను కన్న ఈ అవ్వ. ఈమెను ఎలాగైనా పెనుకొండకు తీసుకుపోవాలని పొద్దున్నే రైలెక్కాను. హిందూపురం దాకా నిలబడే వచ్చాను.

అవ్వవాళ్ళది హిందూపురం పక్క పల్లె. వానల్లేక బోరెండిపోయాక తాతకు ఈ వాచ్‌మన్ పని దొరికింది. కన్నడం ముందునుంచీ నోట్లో ఉన్నదే. ఒకరోజు ఎవరో బాలింత ఏడ్చే బిడ్డతో లిఫ్టు దగ్గర నిలబడి తనూ ఏడుస్తుంటే, అవ్వ ఆ బిడ్డను లాక్కుని స్నానం పోసి నిద్రపుచ్చిందట. అంతే, అజ్జీ హస్తవాసి గొప్పదని పేరొచ్చేసింది. ఇప్పుడు పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా ఆమె ఒక ఇంటినుంచి ఇంకో ఇంటికి పోతూనే ఉంటుంది.

"నువ్వు కూడా రా తనూజా, ఈడ ఒక్కదానివే కూచోని ఏం చేస్తావు," అని అవ్వ నన్ను మూడో అంతస్తులో ఆ స్కూటరావిడ ఇంటికి తీసుకుపోయింది. పోకపోయినా బాగుండేది.

బాత్రూమ్‌లో పీట మీద కూర్చుని, కాళ్ళు చాపి, పిల్లను బోర్లా వేసుకుంది. నూనె పట్టించిన ఆ చిన్న వీపు మీద అవ్వ బొటనవేళ్ళు పైకీ కిందికీ పోతుంటే పిల్ల ఏడుపు మూలుగులోకి దిగింది. ముక్కు ఒత్తింది. నుదురు సాపు చేసింది. చివరి చెంబు పిల్ల చుట్టూ మూడుసార్లు తిప్పి, "పోయేదంతా నీళ్ళతో పో, బలమంతా బిడ్డకు రా, నా బంగారానికి నూరేండ్లు" అంటూ పోసింది. పిల్ల తల్లి ఫోన్లో వీడియో తీస్తూ మురిసిపోయింది.

నా బంగారమట! కుళ్ళుకున్నాను, దాచేదేముంది? పుట్టి నాలుగు నెలలు కూడా నిండని గుండు పిల్ల మీద కుళ్ళుకున్నాను. ఎందుకంటే, ఈ అవ్వ నాకెప్పుడూ ఒక్క చెంబు నీళ్ళు పోయలేదు. ప్రతి ఉగాదికీ ధర్మవరం వచ్చేది, కొత్త లంగా తెచ్చేది, బొరుగుల ఉండలు తెచ్చేది. తలంటు దగ్గరికి వచ్చేసరికి మాత్రం నూనె గిన్నె మేనత్త చేతికిచ్చి తను వీధిలోకి పోయి కూర్చునేది. నేను అవ్వే పోయాలని ఏడ్చి గోల చేసినా లోపలికి వచ్చేది కాదు. దిక్కుమాలిన పిల్లను కదా, ముట్టుకోవడం కూడా ఇష్టంలేదేమో అనుకుంటూ పెరిగాను.

పిల్ల తల్లి నాతో నవ్వుతూ, "అజ్జీ లేకపోతే మేం బతకలేం. మీరు చాలా లక్కీ," అంది.

"అవును, మా అదృష్టం మామూలుది కాదు," అన్నాను. అవ్వ నా వైపు ఒకసారి చూసి పిల్లకు సాంబ్రాణి పొగ పట్టడంలో మునిగిపోయింది.

మధ్యాహ్నం మెట్ల కింది గదిలో సంగటి ముద్ద, ఊరుబిండి పచ్చడి పెట్టింది. తాత కూడా వచ్చి కూర్చున్నాడు. ఇక ఆగలేక అడిగేశాను. "అవ్వా, నా కాన్పుకు రా. నా బిడ్డకు నువ్వే నీళ్ళు పోయాల."

అవ్వ చేతిలో ముద్ద కంచంలోకి జారింది. "నేను రాలేనమ్మా. మీ తాతకు సంగటి ఎవరు చేస్తారు?"

"నాకేమే, నేను వండుకుంటా," అన్నాడు తాత.

"ఈడ పనులుండాయి," అంది అవ్వ.

కంచం పక్కకు నెట్టేశాను. "ఉంటాయిలే! ఊళ్ళో పిల్లోళ్ళంతా నీకు బంగారాలే. నేనేం పాపం చేస్తిని? అమ్మ లేని పిల్లంటే నీకంత అలుసా?"

"నోరు ముయ్యి," అని అరిచింది అవ్వ. ఆమె అంత గట్టిగా అరవడం నేనెప్పుడూ వినలేదు. గోడవైపు తిరిగి చెప్పింది. "మీయమ్మకు రెండో కాన్పులో బిడ్డ దక్కల్యా. బాలింతకు నేనే నీళ్ళు పోస్తిని. ఆ సాయంత్రమే జ్వరమొచ్చె. మూడో పొద్దుకు నా కూతురు లేదు. నా చెయ్యి ఊరోళ్ళకు అచ్చొస్తాది. అయినోళ్ళకు అచ్చిరాదు. నిన్ను ముట్టుకుంటే నువ్వూ యాడ పోతావోనని..."

ఇన్నేళ్ళూ ఆమె వీధిలో కూర్చున్నది అందుకా!

"అవ్వా, అమ్మకు నువ్వు నీళ్ళు పోయకముందే, కాన్పునాడే చలిజ్వరం మొదలైందంట. ఆస్పత్రికి ఆలస్యంగా తెచ్చినారని డాక్టరు చెప్పినాడంట. నాయన ఎన్నోసార్లు చెప్పినాడు."

"డాక్టర్లు ఏమన్నా చెప్తారు."

ఆమెకు మాటలతో పని లేదని అర్థమైంది. జడ విప్పుకుని లేచాను. "అయితే ఇప్పుడే పొయ్యి. నేనూ నీ నెత్తురే కదా. ఏమైతాదో చూద్దాం."

"ఒద్దే, రెండు ప్రాణాలతో ఉండావు."

"పోయకపోతే సాయంత్రం రైలెక్కను. నీ మొండితనం యాడికి పోతాది, నాకూ వచ్చింది."

తాత లేచి స్టవ్ మీద నీళ్ళు పెట్టాడు.

అవ్వ నా తలకు నూనె గట్టిగా అంటలేక పైపైనే తడిమింది. మూడో అంతస్తులో చూసిన ఆ బొటనవేళ్ళు ఇవేనా అనిపించింది. చివరి చెంబు నా చుట్టూ తిప్పి, "పోయేదంతా నీళ్ళతో..." అంటూనే వెక్కుతూ పోసింది. నేనూ ఏడ్చాను. తడి తలతోనే రైలెక్కాను.

మర్నాడు పళ్ళైనా తోముకోకుండా ఫోన్ చేశాను. "అవ్వా, బతికే ఉండాను. జ్వరం లేదు, గిరం లేదు. రాత్రంతా నీ మునిమనవడో మునిమనవరాలో ఒకటే తన్నులు."

అవతల ముక్కు చీదిన చప్పుడు. ఆమె నాతో మాట్లాడలేదు, పక్కనున్న తాతతో అంది. "ఏమయ్యా, ఆ మూడో అంతస్తు ఆయమ్మకు చెప్పు, ఇంకొకర్ని చూసుకోమని. నా మనవరాలికి నెలలు నిండుతాండాయి."