బాపు పారబోసిన జురా వైన్

మా బాపుకు ఫ్రాన్స్ ఎటువైపు ఉంటుందో తెలియదు. అక్కడి జురా కొండల్లో వైన్ ఎలా చేస్తారో మాత్రం హుజూరాబాద్ చుట్టుపక్కల ఆయనకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదు. ఎందుకంటే పదిహేను రోజులపాటు ఆయన ముందు కూర్చుని పాఠం ఒప్పజెప్పింది నేను.

నేను హైదరాబాదులో ఒక పెద్ద హోటల్లో పనిచేస్తాను. వచ్చినవాళ్లకు ఏ తిండితో ఏ వైన్ బాగుంటుందో చెప్పి పోసే పని. ఆ పనిలో నిలబడాలంటే ఒక పరీక్ష పాసవ్వాలి. రాసేది ఒక భాగం, గ్లాసులో వైన్ చూసి, వాసన పట్టి, తాగి అదేమిటో చెప్పేది ఇంకో భాగం. రాతలో గట్టెక్కాను, రుచిలో బోల్తా పడ్డాను. ఇంకొక్కసారే అవకాశం ఉంది, ఈసారి కూడా తప్పితే మళ్లీ పొద్దటి టిఫిన్ల కౌంటర్‌కే పంపిస్తామని మేనేజరు మర్యాదగా చెప్పాడు. ఇడ్లీల మీద నాకేం పగ లేదు. కానీ నాలుగేళ్లు నానా తిప్పలు పడింది ఇడ్లీ పళ్లేలు సర్దడానికి కాదు. సెలవు పెట్టి, పుస్తకాలు మూటగట్టుకుని ఇంటికొచ్చాను.

బాపు కల్లు గీసే మనిషి. మోకాళ్లు మొరాయించాక పొడుగు చెట్లు ఎక్కడం మానేశాడు. చెలక గట్టున ఉన్న రెండు పొట్టి తాటిచెట్లను మాత్రం వదల్లేదు. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి వెళ్లి గెల కొసను సన్నగా గీసి, కల్లు నిండిన లొట్టి కుండ దించి ఖాళీ లొట్టి కట్టి వస్తాడు. తండ్రి కల్లు పోసె, బిడ్డ ఫారిన్ కల్లు పోసె అని వాడకట్టులో నవ్వేవాళ్లు. బాపు వాళ్లకు తాటాకు రేకలో కల్లు వంచుతూనే జవాబు చెప్పేవాడు.

"నాది చెట్టు మీద, దానిది ఏసీల. మీరు గొంతెండితె మా ఇద్దరి దగ్గరికే రావాలె."

నాకు మనసులో చదువుకుంటే ఏదీ ఎక్కదు. ఎవరికైనా చెప్పాలి. అవ్వ, అంటే మా అమ్మ, బీడీల చాట ఒళ్లో పెట్టుకుని "నాకు లెక్క తప్పుతది, నన్ను ఇడువు" అనేది. ఇక మిగిలింది బాపే. పొద్దటి కల్లు అమ్ముడుపోయాక గోడకు ఆనుకుని కాళ్లు చాపి, "చెప్పు, ఇయ్యాల ఏ ఊరు?" అనేవాడు.

అందరికీ తెలిసిన పెద్ద పేర్లతో నాకు పేచీ లేదు. నన్ను ముంచింది చిన్న చిన్న సీమలు. సవోయ్ అని ఒకటి ఉంది. అక్కడ ఎప్పుడో ఒక గుట్ట కూలి ఊళ్లను కప్పేస్తే, ఆ రాళ్ల కుప్పల మీదనే ద్రాక్ష పెట్టారు. "మొండోళ్లు" అన్నాడు బాపు, మెచ్చుకోలుగా. గయాక్ అనే చోట పులియడం పూర్తికాకముందే సీసాలో పోసి బిరడా బిగిస్తారు, మిగతాది సీసాలోనే పులిసి బుడగలొస్తాయి. అది ఆయనకు చెప్పాల్సిన పనే లేకపోయింది. "పొద్దటి కల్లుకు మూత వెడ్తె లొట్టి పల్గుతది. వాళ్లకు గట్టి సీసాలున్నయ్, గంతే." బాన్యుల్స్‌లో తియ్యటి వైన్‌ను పెద్ద పెద్ద గాజు బుడ్లలో పోసి ఎండలో వదిలేస్తారని చెబితే, బీడీలు చుడుతున్న అవ్వ తలెత్తి, "మామిడికాయ తొక్కు లెక్కనా?" అని మళ్లీ తల దించుకుంది. జురాన్సోన్‌లో చలికాలం వచ్చేదాకా ద్రాక్షను తీగ మీదే వదిలేస్తారు. అది ముడతలు పడి తీపి చిక్కబడ్డాకే కోస్తారు.

"పిట్టలు తినయా?" అన్నాడు బాపు.

నాకు పాఠం చెప్పినవాళ్లెవరూ ఆ మాట ఎత్తలేదు. ఫోన్లో వెతికితే, వలలు కడతారని తేలింది. "మరి గది చెప్పాలె గద ముందుగాల" అని నన్నే కోప్పడ్డాడు.

జురా దగ్గరికొచ్చేసరికి మాత్రం ఆయన నన్ను నమ్మలేదు. అక్కడ సావన్యా అనే తెల్ల ద్రాక్ష రసాన్ని పులియబెట్టి చెక్క పీపాల్లో పోస్తారు. మిగతా చోట్ల పీపాలో వైన్ కొంచెం తగ్గితే మళ్లీ నింపుతారు, గాలి తగలకూడదని. వీళ్లు నింపరు. తగ్గినకొద్దీ తగ్గనిస్తారు. పైన సన్నగా తెల్లటి పొర కడుతుంది. వాళ్లు దాన్ని ముసుగు అంటారు. ఆ పొరే కింది వైన్‌ను గాలి నుంచి కాపాడుతుంది, దానికో కొత్త వాసన కూడా ఇస్తుంది. ఆరేళ్ల మూడు నెలలు దాన్ని ముట్టుకోరు. లీటరు పోస్తే అరవై రెండు సెంటీలీటర్లు మిగులుతుందని, సరిగ్గా అంతే పట్టే పొట్టి సీసాలో నింపుతారు. దాని పేరు వాన్ జోన్, పసుపు వైన్.

బాపు కాళ్లు ముడుచుకుని నిటారుగా కూర్చున్నాడు.

"పైన మీగడ గట్టినంక ఆరేండ్లు వెడ్తరా? నీ చెవుల ఎవలో పువ్వు వెట్టిండ్రు బిడ్డా."

ఆయన తప్పేం లేదు. పొద్దున తియ్యగా, మధ్యాహ్నం ఘాటుగా, సాయంత్రానికి పుల్లగా మారే సరుకుతో బతికిన మనిషి. మిగిలింది పులిస్తే ఇంట్లో ఉంచరు మావాళ్లు. దాని తడి తగిలినా మంచి లొట్టి చెడుతుందని అప్పుడే దూరంగా పారబోసి, లొట్టిని వేడినీళ్లతో కడిగి, దడి కర్రకు బోర్లించి ఎండబెడతారు. పులిసింది గిరాకీకి పోయడమంత నామోషీ మా ఇంట్లో ఇంకోటి లేదు.

హోటల్లో మా సీనియర్ ఒకాయన, ఈసారి పరీక్షలో జురా గ్లాసు పెట్టడం దాదాపు ఖాయమని, తన దగ్గర సగం మిగిలిన వాన్ జోన్ సీసా ఇచ్చి పంపాడు. మన దగ్గర అది దొరకడం దుర్లభం. మూత తీసినా వారాల తరబడి చెడదు. ఆఖరి మూడు రోజులు పొద్దున్నా సాయంత్రం వాసన చూసుకుంటే ముక్కులో నిలిచిపోతుందని నా ఆలోచన. అందుకని అప్పటిదాకా మూత తియ్యకుండా వంటింటి అరలో వెనకాల పెట్టాను. పెట్టిన సంగతి ఇంట్లో చెప్పలేదు. అది నా తెలివి.

ఆఖరి మూడు రోజుల్లో మొదటి రోజు పొద్దున్నే కొన్ని కాగితాలు ప్రింటు తీయించుకోవాల్సి కరీంనగర్ వెళ్లాను. పన్నెండింటికి తిరిగొచ్చి వాకిట్లో అడుగుపెట్టేసరికి దడి మీద నాలుగు లొట్లు బోర్లించి ఉన్నాయి. వాటి పక్కన, ఐదో కర్రకు, నా పొట్టి సీసా. లోపల చుక్క లేదు. ఎండకు తళతళ మెరుస్తోంది.

"కడిగి పెట్టిన" అన్నాడు బాపు, పని చక్కబెట్టినవాడిలా. "కరాబైంది బిడ్డా అది. అరల వాసనొస్తుంటె మూత దీసి చూసిన. నీకెవలు అంటగట్టిండ్రో గని మోసం జేసిండ్రు. బాయి గట్టు అవతల పారబోసిన, ఫికర్ జెయ్యకు."

నా కోపం ఎలాంటిదో మా ఇంట్లో అందరికీ తెలుసు. అయినా అంత మాట అంతకుముందు ఎన్నడూ అనలేదు.

"అది కల్లు కాదు బాపు. చెట్లెక్కుడు తప్ప నీకేం తెల్సు? తెల్వనిది ముట్టకు."

 ఆయన సీసాను కర్ర మీంచి తీసి, తుండుతో తుడిచి, గడప పక్కన పెట్టాడు. అన్నానికి పిలిస్తే ఆకలి లేదన్నాడు. నేను పుస్తకం ముందేసుకుని కూర్చున్నాను, ఒక్క అక్షరం ఎక్కలేదు. సిగ్గుగా కూడా ఉంది, కానీ ఆ పూట కోపమే ఎక్కువ ఉంది.

అవ్వ చాట పక్కన పెట్టి నా దగ్గరికొచ్చింది.

"పోయింది పోయింది. ఎట్లుండెనో ఆయన్ని అడుగు. నా పెండ్లినాడు ఏ చెట్టు కల్లు ఏ వాసనొచ్చిందో ఇప్పటికీ చెప్తడు."

అడగడానికి నాకు ముఖం చెల్లలేదు. అయినా పరీక్ష నాది కాబట్టి వెళ్లి ఆయన పక్కన కూర్చున్నాను. ఆయన నా వైపు చూడకుండానే, దడి వైపు చూస్తూ చెప్పడం మొదలుపెట్టాడు. మూత తీయగానే మెంతుల వాసన. పచ్చి మెంతులు కాదు, పెనం మీద ఎర్రగా వేగి ఇంకొంచెం ఉంటే మాడతాయి అనగా వచ్చే వాసన. దాని వెనక, తాను దవాఖానలో ఉన్నప్పుడు మేం కోసిపెట్టి మరిచిపోతే రంగు మారిన ఆపిల్ ముక్క. ఆ వెనక, పల్లికాయలు ఒలిచాక చేతికి మిగిలే పొట్టు వాసన. నేను గబగబా రాసుకుంటున్నాను. ఆఖరుకు ఆయన ఇంకో మాట అన్నాడు.

"పులిసినదైతె ముక్కు మండాలె. గిది మండలే. పారబోయాల్నా వద్దా అని జర సోంచాయించిన గూడ. ముక్కు ఒకటి చెప్తె చెయ్యి ఇంకోటి జేసింది."

మిగిలిన రెండు రోజులూ అవ్వతో మెంతులు వేయించాను, ఆపిల్ కోసి ఎండలో పెట్టాను, పల్లికాయ పొట్టు నలిపాను. ఇల్లంతా వాసనలే. బాపు వచ్చి పెనం మీదికి వంగి, "ఇంకొద్దిగ, ఇంకొద్దిగ, ఇగో గిదే, దించు" అనేవాడు. మామూలుగానే మాట్లాడాడు. నేను అన్న మాట ఆయన ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

పరీక్షలో ఆరు గ్లాసులు పెట్టారు. మొదటి రెండూ తెలిసినవే. మూడోది ఎత్తి ముక్కు దగ్గర పెట్టుకోగానే మా వంటింట్లో నిలబడ్డట్టయింది. మెంతులు, ఆపిల్, పొట్టు, అన్నీ ఆయన చెప్పిన వరసలోనే వచ్చాయి. కాగితం మీద ఈ వైన్ బాగుందా, చెడిపోయిందా అని మొదటి ప్రశ్న. ముక్కు మండిందా అని చూసుకున్నాను. మండలేదు. బాగుంది, జురా, సావన్యా, పొర కింద ఆరేళ్లు ఉంది అని రాశాను. 

సాయంత్రం ఐదింటికి ఫలితం చెప్పారు. బయటికొచ్చి ఫోన్ చేస్తే ఒక్క రింగు కూడా పూర్తిగా మోగకముందే బాపు ఎత్తాడు.

"ఎట్లాయె?"

"పాసైన బాపు. మూడో గ్లాసు అదే వెట్టిండ్రు. నాతోని రాసినోళ్లల్ల ముగ్గురు కరాబైందని రాసిండ్రు."

"ముగ్గురా?" అన్నాడు. ఆ గొంతులో ఎంత హాయి వినిపించిందో చెప్పలేను. "అయితె నేనొక్కన్నే కాదన్నట్టు."

"బాపు, మొన్న నిన్ను గట్ల అనకుంటె అయిపోతుండె."

"ఏమన్నవ్? నాకు యాదికి లేదు" అన్నాడు. అబద్ధమాడటం ఆయనకు చేతకాదు. "జర అవ్వతోని మాట్లాడు, నేను చెట్ల దిక్కు పోయొస్త."

అవ్వ ఫోన్ తీసుకుంది. ఆయన అడుగుల చప్పుడు దూరమయ్యేదాకా ఆగింది.

కల్లు గీసేవాళ్ల ఇంట్లో పెళ్లయినా చావయినా గీత ఆగదు. ఒక పూట గియ్యకపోతే గెల కొస ఎండి కల్లు తగ్గిపోతుంది. నేను పుట్టిన రోజు కూడా ఆయన చెట్టు మీదనే ఉన్నాడని అవ్వ ఎన్నోసార్లు దెప్పింది.

"పొద్దటి సంది పోన్ పట్టుకొని గద్దె మీదనే కూసున్నడు" అంది అవ్వ. "తిననూ లేదు, చెట్లకు పోనూ లేదు. గిరాకీ వచ్చి వాపస్ పోయిండ్రు. రెండు లొట్లూ చెట్ల మీదనే పులిసినయ్. గిప్పుడు పోయేది అవి పారబోయనీకే."