ఇరవై ఆరో చుట్టు

అతను గెలిచిన పందెంలో అతన్ని ఓడించారు. ఓడించింది తోటి పరుగుగాళ్లు కాదు, నీడలో కుర్చీలు వేసుకుని కూర్చున్న లెక్కలవాళ్లు.

పదివేల మీటర్లు. మైదానం చుట్టూ ఇరవై ఐదు చుట్లు. గెలిచినవాడికి జట్టులో చోటు. అప్పటికి ఇరవై రెండేళ్లవాడు, మొదటినుంచీ ముందే ఉన్నాడు. పదిహేడో చుట్టులో, బాగా వెనకబడ్డ గుంపును దాటుకుంటూ గీత మీదుగా వెళ్తుంటే అతని నంబరు లెక్కలవాడి కంట పడలేదు. కాగితం మీద ఒక గీటు తగ్గింది. అంతే. ఆఖరి చుట్టు గంట అతను దాటిపోయాక, వెనకవాడి కోసం మోగింది. ఇరవై ఐదూ పూర్తిచేసి ఆగితే, "ఆగుతావేంటయ్యా! ఇంకో చుట్టుంది, కదులు!" అని కసిరారు. లెక్క అతని బుర్రలో స్పష్టంగానే ఉంది. అయినా పరిగెత్తాడు. ఆ చుట్టు సగం కాకముందే వెనకవాడు గీత దాటి విజేత అయి కూర్చున్నాడు.

మొరపెట్టుకోవడానికి వెళ్తే పెద్ద అధికారి తీరిగ్గా అడిగాడు. "నీ లెక్క మీద నీకంత నమ్మకముంటే మళ్లీ ఎందుకు పరిగెత్తావు?"

ఆ ప్రశ్నకు అతను ముప్పై ఏళ్లుగా జవాబు వెతుకుతూనే ఉన్నాడు. అడిగినవాడు మాత్రం హాయిగా పదవీ విరమణ చేసి ఉంటాడు.

ఆసుపత్రిలో దుప్పట్లు ఉతికే విభాగంలో అతనికి పని దొరికింది. కిటికీలు లేని పొడవాటి గది, ఆవిరి, తిరిగే డ్రమ్ముల రొద. అక్కడివాళ్లు అతనికి 'పాతిక' అని పేరు పెట్టారు. ఎప్పుడైనా రెండు నిమిషాలు ఆలస్యంగా వస్తే, ఇస్త్రీ యంత్రం దగ్గరావిడ "ఏం పాతికా, దారిలో ఇంకో చుట్టు వేసొచ్చావా?" అనేది. అందరూ నవ్వేవాళ్లు. అతనూ నవ్వేవాడు, ఆ నవ్వు కళ్లదాకా వచ్చేది కాదు.

డ్రమ్ముల అడుగున దొరికిన గుండీల్లోంచి ఇరవై ఐదింటిని ఏరి గాజు సీసాలో దాచుకున్నాడు. రోజూ తెల్లవారగానే వీధి చివరి మైదానానికి వెళ్లి, సీసాను పిట్టగోడ మీద పెట్టి పరిగెత్తేవాడు. చుట్టుకొక గుండీ తీసి పక్కన పెట్టే మనిషి ఉండాలని అతని కోరిక. ఆ మనిషి లేడు. అందుకని మనసులోనే లెక్కపెట్టుకునేవాడు, సీసా నిండుగానే ఇంటికి తిరిగొచ్చేది.

చెల్లెలి కూతురికి పంతొమ్మిదేళ్లొచ్చాక, "నాకూ నేర్పు మావయ్యా" అని వెంటపడింది. వాళ్లమ్మ నెత్తి కొట్టుకుంది. "మీ మావయ్య ఒక్కడు చాలడా మన ఇంటికి?"

అతను బాగానే నేర్పాడు. మొదటి మూడు నెలలూ వేగం ఊసే లేదు. పరిగెత్తుతూ మాట్లాడగలగాలి, ఆయాసం వస్తే తగ్గించాలి. వారానికి రెండుసార్లు వంతెన ఎక్కుడు దారిలో పైకి పరుగు, కిందికి నడక. ఆదివారం రెండు గంటల దూరం. మనసుకూ పాఠాలున్నాయి.

"పద్దెనిమిదో చుట్టులో నొప్పి వస్తుందే. రానీ. కుర్చీ వేసి కూర్చోబెట్టు. అన్నం మాత్రం పెట్టకు."

"వెళ్లనంటే?"

"కూర్చునే ఉంటుంది. నువ్వు పరిగెత్తుతూ ఉంటావు."

అన్నిటికన్నా విచిత్రమైన పాఠం ఇంకొకటి. ఆమె పరిగెత్తుతుంటే గోడ దగ్గర నిలబడి అతను అబద్ధాలు చెప్పేవాడు. పదమూడు అయితే "పద్నాలుగు!" అని, ఇరవై అయితే "పంతొమ్మిదే, ఒళ్లు దాచుకోకు!" అని అరిచేవాడు. ఆమె తన లెక్కను తప్పకూడదు. చివర్లో గోడ మీద అతను తీసిపెట్టిన గుండీలు చూసుకోవాలి. పందెంలో చుట్లు చూపించే పలక వైపు తలెత్తడం కూడా నిషేధం.

"ఎన్నాళ్లు మావయ్యా ఈ అబద్ధాలు?"

"నీ లెక్క నీదే తల్లీ. ఎవరు అరిచినా నమ్మకు. నేను అరిచినా సరే."

ఏడాది గడిచింది. ఆమె కాళ్లు గట్టిపడ్డాయి, లెక్క గట్టిపడింది. స్నేహితురాళ్లు తగ్గిపోయారు. ఇంట్లో ఎవరైనా టైమెంతో చెప్పినా లేచి వెళ్లి గడియారం చూసుకునేది. అతను నేర్పుతున్నది పరుగో ఒంటరితనమో అని ఒక్కోసారి అనుమానం వచ్చేది ఆమెకు.

ఎంపిక పందెం వచ్చింది. మొదటి ముగ్గురికే శిబిరంలో చోటు. ముప్పై ఏళ్ల తర్వాత అతను పందెం జరిగే మైదానం గేటు దాటి లోపలికి వచ్చి, కంచె పట్టుకుని నిలబడ్డాడు. ఇరవై మూడో చుట్టు చివరిదాకా ఆమె మూడో స్థానంలో ఉంది. అప్పుడు వెనకనుంచి ఎవరిదో కాలు ఆమె మడమకు తగిలింది. తూలి నిలదొక్కుకుంది గానీ, లెక్క చెదిరింది. అయినవి ఇరవై మూడా, ఇరవై నాలుగా? ఆ తూలడంలో గంట మోగిందో లేదో కూడా తెలియలేదు.

మలుపులో మావయ్య గొంతు చీలిపోయేలా అరుస్తున్నాడు. "ఇంకా రెండు! తల్లీ, ఇంకా రెండున్నాయి!"

ఏడాదిలో ఆ గొంతు ఒక్కసారీ నిజం చెప్పలేదు. రెండంటే ఒకటే. ఆమె ఉన్న బలమంతా తీసి ఆ చుట్టులో పోసేసింది. రెండో స్థానానికి వచ్చింది, మొదటి స్థానానికి వచ్చింది, గీత దాటి చేతులెత్తింది.

గంట మోగింది.

మిగిలిన చుట్టు ఆమె ఎలా లాక్కొచ్చిందో ఆమెకే తెలియదు. అయిదో స్థానం.

బస్టాపులో ఆమే అంది. "పందెం రోజు నిజమే చెప్తానని ఒక్క మాట ముందే అనుండచ్చుగా మావయ్యా."

అతను తన చేతులు చూసుకున్నాడు. సబ్బునీళ్లకు నాని ముడతలుపడ్డ వేళ్లు. "తోచలేదే," అన్నాడు.

ఆ తర్వాత ఆమె మైదానానికి వెళ్లలేదు. అతనూ రమ్మనలేదు. ఎనిమిది నెలలకు ఆమెకు వేరే ఊళ్లో తపాలా బట్వాడా ఉద్యోగం వచ్చింది. బయల్దేరే రోజు పొద్దున్నే సంచీ భుజాన వేసుకుని మైదానానికి వెళ్లింది. అతను బూట్ల తాళ్లు కట్టుకుంటున్నాడు. "వచ్చావా," అని, ఇంకేమీ అడక్కుండా పరుగు మొదలుపెట్టాడు.

ఆమె పిట్టగోడ దగ్గర నిలబడింది. చుట్టుకొక గుండీ తీసి పక్కన పెట్టింది. ఒక్కసారి కూడా చూపు తిప్పలేదు. పద్దెనిమిదో చుట్టులో అతని ఎడమ భుజం కిందికి జారింది, ఇరవై దాటాక అడుగులు ఈడుస్తున్నాడు. సీసాలోంచి ఆఖరి గుండీ తీసి ఆమె చెయ్యి పైకెత్తింది.

"ఆగు మావయ్యా! ఇరవై ఐదూ అయ్యాయి!"

అతను ఆగాడు. వగరుస్తూ ఖాళీ సీసా వైపు చూశాడు. గోడ మీది గుండీలను వేలితో ఒక్కొక్కటే తాకుతూ చివరిదాకా వెళ్లాడు. ఆ గుండీలను అలా వేరే చెయ్యి పేర్చగా చూడటం అతనికదే మొదటిసారి. చాలాసేపు చూశాడు. తర్వాత ఆమె సంచీ పట్టీ సరిచేసి, మళ్లీ గీత మీదికి వెళ్లి నిలబడ్డాడు.

"నీదే సరైందేమో తల్లీ. నా లెక్కలో మాత్రం ఇంకోటుంది. నువ్వెళ్లు, బస్సు పోతుంది."