చుట్టాలకు కలరు

మా చిన్నప్పుడు ఇంటికి చుట్టాలొస్తే చాలు... వాళ్లు మంచం మీద కూర్చోకముందే అమ్మ నన్ను అంగడికి తరిమేది. "రేయ్, కలరు తీసకరాపో... సల్లగా ఉండేది సూసి తే!"

మా రాయచోటి వైపు కూల్‌డ్రింకును ఎవరూ కూల్‌డ్రింకు అనరు. ఎర్రదైనా, నల్లదైనా, పసుపుదైనా అన్నీ కలరే. సీసా గుండెకు హత్తుకుని పరుగెత్తుకొచ్చేవాణ్ణి... చొక్కా తడిసి చల్లగా తగిలేది. మాకు దక్కేది ఆ చల్లదనం ఒక్కటే. తాగేది మాత్రం చుట్టాలు.

మాకు మజ్జిగ. కవ్వంతో చిలికి, వెన్న తీసేసి, అల్లమూ కరివేపాకూ దంచి వేసి, ఎండలో ఆడి వచ్చిన మా చేతిలో ఒక చెంబు పెట్టేది అమ్మ. నాకు అదంటే ఎంత చిరాకో! "ఎప్పుడూ ఇదేనా?" అని మూతి ముడిస్తే నెత్తిన ఒక మొట్టికాయ పడేది. పెద్దయ్యాక రోజూ కలరే తాగాలని అప్పుడే గట్టిగా అనుకున్నాను.

దేవుడు విన్నాడు మరి... తెచ్చి కువైట్‌లో పడేశాడు!

మిష్రిఫ్‌లో ఒక ఇంట్లో డ్రైవర్ని. పిల్లలను బడికి దింపడం, మేమంతా మామా అని పిలిచే ఇంటామెను సాల్మియాలో షాపింగుకు తిప్పడం, సాయంత్రం అయ్యగారిని దివానియాకు తీసుకెళ్లడం. దివానియా అంటే ఇక్కడి మగవాళ్లు కూర్చుని కబుర్లు చెప్పుకునే చోటు. బయట కాచుకుని ఉన్న డ్రైవర్లకు లోపలి నుంచి చల్లటి కలరు డబ్బా ఒకటి వస్తుంది. ఎండకు సగం ఉడికిపోయి ఉంటాం... వద్దనడం ఎలా? మర్యాదగా ఇచ్చింది వద్దంటే వాళ్లను చిన్నబుచ్చినట్టే కదా. ఎక్కడ ఆగితే అక్కడ ఒక డబ్బా. అందుకున్న ప్రతిసారీ లోలోపల గర్వంగానే ఉండేది... నేనూ ఒక చుట్టాన్నయ్యానని.

అలా ఏళ్లు గడిచాయి. ఒకరోజు రోడ్డు మీద బోర్డులు అలుక్కుపోయినట్టు కనిపించాయి. భయపడి ఆసుపత్రికి పోతే డాక్టరు రక్తపరీక్ష చూసి తిట్టినంత పని చేశాడు. "షుగర్ చాలా ఎక్కువుంది. ఈ డబ్బాలు ఆపకపోతే కళ్లకే ముప్పు" అన్నాడు.

డ్రైవరుకు కళ్లు పోతే ఇంకేముంది... ఖలాస్. అది సరే, ఊళ్లో ఉన్న నా కూతుర్ని, మా చిన్నదాన్ని, నేను కళ్లారా చూసిందే సెలవుల్లో. మిగతాదంతా ఫోన్లోనే. ఆ కాస్తా కూడా చూసుకోలేకపోతే ఎట్లా దేవుడా అని కారులో కూర్చుని ఏడ్చాను. చెప్పడానికి నాకేమీ సిగ్గులేదు.

మానేద్దామనుకున్నాను. మానితే తల పగిలిపోయేంత నొప్పి! సరే అని తెలివి చూపించి పండ్లరసం డబ్బాలకు మారాను. పండ్లే కదా అని మంచినీళ్లలా తాగుతుంటే, నేను పనిచేసే ఇంట్లోనే వంట చేసే లక్ష్మక్క చూసింది. పులివెందుల దగ్గరి మనిషి. తల కొట్టుకుంది.

"పెనం మీద నుంచి పొయ్యిలో పడితివి కదరా! దాంట్లో సక్కెర లేదనుకుంటివా?"

మర్నాడు పొద్దున్నే కారు దగ్గరికొచ్చి ఫ్లాస్కు చేతిలో పెట్టింది. మూత తీస్తే మజ్జిగ. ఇక్కడ లబన్ అని దొరికే చిక్కటి మజ్జిగలో నీళ్లు కలిపి, అల్లం, కరివేపాకు దంచి వేసింది. నాకెందుకో చురుక్కుమంది.

"ఏందక్కా... ఊరోళ్లంతా కలరిస్తాంటే నువ్వు మజ్జిగిస్తాండావే?" అన్నాను.

నేను నవ్వాను గానీ ఆమె నవ్వలేదు. "కలరు సుట్టాలకిస్తారబ్బీ. మజ్జిగ మనోళ్లకిస్తారు. తాగు."

ఫ్లాస్కు ఎత్తి తాగేశాను. ఈ దేశం వచ్చాక నన్ను మనోడు అన్న మనిషి ఆమె ఒక్కతే.

ఆ తర్వాత మాత్రలు మింగుతూనే ఒక్కొక్కటీ అలవాటు చేసుకున్నాను... మామా వాళ్లు తాగే ఎండునిమ్మకాయల కషాయం, పుదీనా వేసిన చక్కెర లేని టీ, ఉప్పు వేసిన నిమ్మనీళ్లు, సబ్జా. మొదట్లో పథ్యం తిన్నట్టే ఉండేది. పోను పోను మధ్యాహ్నం ఎండలో ఆ పులుపు కోసం ప్రాణం లాగేది. దివానియా దగ్గర గుండె మీద చెయ్యి పెట్టుకుని "షుక్రన్... షుగర్" అని థాంక్స్ చెప్పి వద్దంటే ఒక్కరూ ఏమీ అనుకోలేదు. ఇన్నాళ్లూ నేనే మొహమాటంతో చచ్చాను! షుగర్ దిగింది. బోర్డులు మళ్లీ తేటగా కనిపిస్తున్నాయి.

మొన్న సెలవుకు ఇంటికి వెళ్లాను. గడప దాటానో లేదో, మా చిన్నది వీధిలోకి ఒకటే పరుగు. ఎక్కడికబ్బా అనుకుంటుండగానే రొప్పుకుంటూ కలరు సీసా పట్టుకొచ్చింది. ఉన్నవాటిలో మంచి గాజు గ్లాసు వెతికి, నిండా పోసి, రెండు చేతులతో అందించింది.

"తాగు నాయనా... సల్లగా ఉండాది."

"నాకు మజ్జిగియ్యి తల్లీ" అన్నాను.

పిల్ల బిత్తరపోయింది. వాళ్లమ్మ వైపు చూసి, మళ్లీ నా వైపు చూసి మెల్లగా అడిగింది... "అది మేము తాగేది కదా నాయనా... నీకెట్ల ఇచ్చేది?"

దాని తల నిమిరి, నేనే వంటింట్లోకి వెళ్లాను. ఫ్రిజ్ తీశాను, లేదు. గూట్లో చూశాను, లేదు. నా ఇంట్లో మజ్జిగ ఎక్కడ పెడతారో నాకు తెలియదు... అట్లే నిలబడిపోయాను. వెనకాలే వచ్చిన చిన్నది, "ఆడ నాయనా, కిటికీ కింద" అని చూపించింది.

సెలవు అయిపోయి మళ్లీ మిష్రిఫ్ వచ్చేశాను. కారులో కూర్చుని ఇది రాస్తున్నాను. ఆ రోజుల్లో కలరు కోసం ఏడ్చాం... ఇప్పుడు అది అడగకుండానే ప్రతి చేతిలోంచీ వస్తోంది. మజ్జిగ ఇచ్చే చేతులే తగ్గిపోయాయి.

మీకు అట్లాంటి చెయ్యి ఒకటుందా? ఎవరిదో చెప్పండి... చదువుకుంటాను.