బాపయ్య చెప్పిన డ్రా

గుంటూరు శివారులోని ఆ కోల్డ్ స్టోరేజీలో బాపయ్య ఇరవై ఆరేళ్లుగా గ్రేడరు. మిర్చి బస్తాను, అక్కడి మాటలో టిక్కీని, విప్పి, మధ్యలోంచి నాలుగు కాయలు తీసి, ఒకటి విరిచి వాసన చూసి, ఇది మొదటి రకం, ఇది రెండోది అని చెప్పడం ఆయన పని. రైతు బతిమాలినా, వ్యాపారి కన్నెర్రజేసినా చెప్పిన మాట మార్చడు.

పెళ్లికి ముందు దాచేపల్లి దగ్గర ఒక సిమెంటు ఫ్యాక్టరీలో నాలుగేళ్లు పనిచేశాడు. చదరంగం పట్టుబడింది అక్కడి స్టాఫ్ క్లబ్బులోనే. జిల్లా పోటీల దాకా వెళ్లాడు. అంతకు మించి పోలేదు. తన ఆట అంతవరకేనని ఆయనకు బాగా తెలుసు.

ఆ ఆటను తనకన్నా ఎంతో మించి ఆడగల మనిషి ఆయనకు టిక్కీల మధ్యే దొరికింది. మిర్చి రైతు నాగేంద్రబాబు సరుకు దాచడానికి వచ్చినప్పుడల్లా ఎనిమిదేళ్ల కూతురు శ్రీదివ్యను వెంట తెచ్చేవాడు. తండ్రి రసీదు కోసం నిలబడి ఉంటే, ఆ పిల్ల బాపయ్యతో ఆటకు కూర్చునేది. అలా ఆడటం మొదలెట్టిన మూడో ఏడు నుంచి ఆయన ఆమె మీద ఒక్క ఆట గెలవలేదు. ఇప్పుడామెకు పందొమ్మిదేళ్లు. ప్రపంచంలోని మేటి ఆటగాళ్లను పదిమందిని మాత్రమే పిలిచి యూరప్‌లో పెట్టే టోర్నమెంటులో ఆడుతోంది. కోచ్‌లు మారారు గానీ ఒక అలవాటు మారలేదు. ఎక్కడ ఆడినా చివరి రౌండుకు ముందు బాపయ్యకు ఫోన్ చేస్తుంది. ఫలితం ఆయన ముందే చెప్పాలి.

ఆ రోజూ చేసింది.

"బాబాయ్, చూశావుగా. ఏమవుద్ది ఇవాళ?"

చూశాడు. ఎనిమిది రౌండ్లయ్యాయి. శ్రీదివ్య కన్నా అర పాయింటు ముందున్న అమ్మాయే ఇవాళ ఎదుటి మనిషి. శ్రీదివ్యవి నల్లపావులు. గెలిస్తే టోర్నమెంటు ఆమెది. డ్రా అయితే రెండో స్థానం. ఓడితే ఐదో, ఆరో. ఐదో రౌండప్పుడు ఆమెకు జ్వరం వచ్చింది. ఆ తర్వాత మూడు ఆటలూ ఇరవై ఎత్తుల్లోపే డ్రా చేసుకుని లేచిపోయింది. ఆ మూడింటినీ బాపయ్య బోర్డు మీద పెట్టుకుని రెండేసి సార్లు ఆడి చూశాడు. ఎత్తుల్లో బెదురు కనిపించింది.

"డ్రా," అన్నాడు. "గెలవాలని మీద పడ్డావంటే ఓడతావు. ఆవిడ డ్రా ఇస్తే తీసుకో."

"సరే బాబాయ్. బీపీ బిళ్ల వేసుకున్నావా?"

"వేసుకున్నాలే. నువ్వు ఏమన్నా తిని పో."

హమాలీల మేస్త్రి జాన్ బాషా పక్కనే ఉండి అంతా విన్నాడు.

"పిల్ల అంత దూరం నుంచి అడిగితే గెలుస్తావని ఒక మాట అనలేవా అన్నా? నోటికేమన్నా అడ్డమొచ్చిందా?"

"ఏమవుద్దని అడిగింది. ఏం కావాలని కాదు."

"నేనైతే గెలుస్తదని రాసిస్తా."

"నువ్వు మొన్న వానొస్తదని కూడా రాసిచ్చావు," అన్నాడు బాపయ్య.

మన రెండున్నరకు అక్కడ ఆట మొదలు. అదే వేళకు లోపలి గదిలోంచి నలభై టిక్కీలు బయటికొచ్చాయి. కొనడానికొచ్చిన కొత్త వ్యాపారి ఒక కాయ పట్టుకుని మొహం చిట్లించాడు.

"చెమ్మగా ఉన్నాయండి. ఈ ధర పెట్టలేను."

"ఇప్పుడే ఏసీలోంచి వచ్చాయండి. బయటి గాలి తగిలేసరికి పైన చెమ్మ పడుతుంది. లోపల పొడిగానే ఉంటాయి. ఓ గంట ఆరనిచ్చి అప్పుడు చెప్పండి."

గ్రేడరు ఎవరైనా మొదటి వారంలోనే నేర్చుకునే సంగతి అది. చెప్పి రెండడుగులు వేసి బాపయ్య ఆగిపోయాడు.

జ్వరం పడి లేచిన పిల్ల ఒంట్లో సత్తువ లేక మూడు ఆటలు కుదించుకుంది. నిన్న విశ్రాంతి రోజు. పొద్దున ఫోన్లో గొంతు ఖంగుమంది. తను చూసింది పైచెమ్మ. అదే లోపలి సరుకనుకుని మాట చెప్పేశాడు.

ఫోన్ చేశాడు. స్విచాఫ్. ఆట గదిలోకి వెళ్లేముందే ఫోన్లు తీసేసుకుంటారని ఆయనకు తెలుసు. అయినా ఇంకో రెండుసార్లు చేశాడు.

"తప్పు చెప్పాను బాషా," అన్నాడు.

ఎగతాళి చేస్తాడనుకున్నాడు. జాన్ బాషా తన ఫోన్లో ఆట పెట్టి, ఇద్దరికీ కనపడేలా ఒక టిక్కీకి ఆనించాడు.

ఇరవై రెండో ఎత్తుకు ఎదుటి అమ్మాయి మంత్రిని పక్క గడికి జరిపింది. శ్రీదివ్య ఏనుగును జరిపింది. ఆవిడ మంత్రిని వెనక్కి తెచ్చింది. ఈమె ఏనుగును వెనక్కి తెచ్చింది. ఒక చుట్టు అయింది. ఇంకో చుట్టు తిరిగితే అవే పావులు అవే గళ్లలో మూడోసారి నిలబడతాయి, ఆట డ్రా. ఆవిడకు డ్రా చాలు, టోర్నమెంటు ఆవిడదే. మంత్రి మళ్లీ పక్కకు జరిగింది.

శ్రీదివ్య పదకొండు నిమిషాలు ఆలోచించింది. ఆ పదకొండు నిమిషాలూ బాపయ్య చెవిలో తన గొంతే మోగింది. ఆవిడ డ్రా ఇస్తే తీసుకో.

ఏనుగు కదల్లేదు. అంచు బంటు రెండు గళ్లు ముందుకొచ్చింది.

"అదేందన్నా?"

"డ్రా వద్దంటోంది."

బాపయ్య టిక్కీ మీద కూలబడ్డాడు. గుండెల మీది బరువు సగం అక్కడే దిగిపోయింది. తన మాట ఆమె కాళ్లకు అడ్డం పడలేదు. ఇక గెలిచినా ఓడినా ఆట ఆమెది.

తర్వాత రెండు గంటలు కష్టంగానే నడిచాయి. ఒక దశలో శ్రీదివ్య గుర్రం పోతుందనిపించింది. పోలేదు. ఆరు దాటాక, యాభై ఒకటో ఎత్తు చూసి ఎదుటి అమ్మాయి గడియారం ఆపి, ఓటమి ఒప్పుకుని చెయ్యి చాచింది.

"ఆ గ్రేడరు పనేదో నాకిప్పించన్నా," అన్నాడు జాన్ బాషా. "నువ్వు వచ్చి బస్తాలు మొయ్యి."

"మోస్తాను," అన్నాడు బాపయ్య. ఆ క్షణాన నిజంగానే మోసేవాడు.

ఏడింటికి ఫోన్ మోగింది.

"ఇన్ని మిస్డ్ కాల్స్ ఏంటి బాబాయ్?"

"నేను చెప్పింది తప్పని చెబుదామని."

శ్రీదివ్య నవ్వింది. "నువ్వు డ్రా అన్నావంటే గెలవొచ్చనేగా."

"అదేం లెక్క?"

"మా నాన్న లెక్క. మా ఊళ్లో అందరి లెక్కా అదే. బాపయ్య రెండో రకం అన్నాడంటే కాయలు మొదటి రకమే, వ్యాపారి దగ్గర తగ్గొద్దు అంటారు. నువ్వెప్పుడూ ఒక మెట్టు దించే చెబుతావుగా."

బాపయ్య ఇరవై ఆరేళ్లుగా ఉన్నదున్నట్టు చెబుతున్నాననుకున్నాడు. ఊళ్లకు ఊళ్లు తన మాటను ఒక మెట్టు పైకి జరుపుకుని వింటున్నాయి. కోపం రావాలి. ఎంత వెతుక్కున్నా దొరకలేదు.

"ఓడతావని చెప్పుంటే?"

"డ్రా చేసుకునేదాన్ని. నువ్వు గెలుస్తావన్న రోజే నాకు భయం బాబాయ్, దాని పైన జరుపుకోడానికి ఇంకో మెట్టు లేదుగా. అదృష్టం, ఒక్కసారీ అనలేదు."

ఈసారి ఆయనకూ నవ్వొచ్చింది. తర్వాతి టోర్నమెంటు ఎప్పుడని అడిగాడు. నవంబర్లో అని చెప్పింది.

"సరే, అప్పుడూ చెయ్యి. నాకు తోచింది నేను చెబుతా. నువ్వు ఎట్టా వినాలో అట్టా విను."